సుజన ఊపిరి

మా చెల్లెలు సుజనకి కానిస్టేబుల్ సెలక్షన్లు ఇంక నాలుగు రోజులే. పదహారు వందల మీటర్లు పదిన్నర నిమిషాల్లో పరుగెత్తాలి. దాని టైము పదకొండు దగ్గరే మొండికేసింది. అందుకే రోజూ పొద్దుగూకేటప్పుడు ఉదయగిరి కొండ కింద పాతరోడ్డుకి బండి మీద తీసకపోయేవాణ్ణి. నేను ఫోనులో టైము చూస్తా కూర్చుంటే, అది దూరంగా ఉన్న కల్వర్టు తాకి వెనక్కి రావాల.

గొర్రెలు కాసే నాకు ఊపిరి సంగతి ఒకరు చెప్పే పని లేదు. పడుకున్న జీవానికి ఊపిరి పొట్టలో ఆడతాది, నిమిషానికి పదిహేను, ఇరవై సార్లు. తరిమి చూడు, డొక్కలెగరేస్తాది, నోరు తెరస్తాది. నిలబడినా వెంటనే తగ్గదు. ఒళ్ళు అడిగినంత గాలి అందేదాకా రొప్పతానే ఉంటాది. మనిషీ అంతే.

"పెద్ద డాక్టరు చెప్పొచ్చినాడు!" అని సుజన ఎగతాళి చేసేది.

ఆ రోజు గాలి లేదు. వాన పడి రెండు నెలలైనా కంపచెట్లలోంచి తడిమట్టి వాసన వస్తా ఉంది. సుజన మసకచీకట్లోకి పోయింది. అడుగుల చప్పుడు సన్నబడి, ఆగిపోయింది.

చాలాసేపు ఏమీ లేదు.

తర్వాత వచ్చింది. చప్పుడు లేకుండా వచ్చి నా పక్కన నిలబడింది.

"ఎంతయిందన్నా?"

"తొమ్మిది నిమిషాలు! ఇంక ఉద్యోగం నీదే పో!" అని సంతోషం పట్టలేక దాని వీపు చరిచినాను.

చెమట లేదు. చల్లగా ఉండాది. డొక్కలు కదలడం లేదు. పొట్ట మాత్రం నిదానంగా... పైకి... కిందికి. నిద్రపోయేవాళ్ళకి మాదిరి.

"రొప్పడం లేదేందమ్మే?"

"ఎందుకు రొప్పాల?" అనింది గుసగుసగా. "ఇంటికి పోదాం పా."

నాకు భయమేసింది. బండి తీసినాను. ఎక్కి నా నడుం పట్టుకుంది. మెడ మీద దాని ఊపిరి తగిలింది. ఒకటి... ఎంతోసేపటికి రెండు.

బండి కదిలింది.

అప్పుడు వినపడింది. వెనకాల చీకట్లో రొప్పు... టపటపా అడుగులు... దగ్గరికి వస్తా ఉన్నాయి. ఆ రొప్పు నాకు తెలుసు. నెల రోజులుగా వింటా ఉండేదే.

"అన్నా... ఆపు... నేనింకా... ఎక్కలా..."

నా నడుం చుట్టూ ఉన్న చేతులు బిగుసుకున్నాయి.