దొరగారి చుట్టాలు

1588, వేసవి. ఇంగ్లండు రాణి ఎలిజబెత్ గూఢచారి థామస్ వేల్ గుర్రాల వర్తకుడి వేషంలో కృష్ణ ఒడ్డుకొచ్చి, రాణి కోసం వజ్రాలు సంపాదించాడు. గుట్టు బయటపడగానే కాపాడమని లండన్‌కు కబురు పెట్టాడు. లండన్ కిమ్మనలేదు. రెంటచింతల ఎండకు జ్వరమొచ్చి చనిపోయాడు. ఊరివాళ్లు జాలిపడి, వజ్రాలు దాచి నడుముకు కట్టుకున్న డబ్బీని విప్పకుండానే పూడ్చారు. ఆ సమాధి చుట్టూనే తర్వాత క్రైస్తవుల శ్మశానం పెరిగింది.

ఈ ఏడాది, సమాధుల పండగ సాయంత్రం. ఊరంతా సున్నం వేసిన సమాధుల మీద కొవ్వొత్తులు వెలిగిస్తోంది. జనరేటర్ మెకానిక్ వేషంలో ఉన్న ఏజెంట్ చాంద్ బాషాకు నడుం నొప్పిగా ఉంది. మూడేళ్లుగా ఇదే వేషం, ఇదే గ్రీజు.

వేల్ దొర సమాధి చుట్టూ పరదా కట్టారు. లోపల వజ్రాల స్మగ్లర్ హార్ట్, సైలెంట్ డ్రిల్, చరిత్రకారిణి కావ్య. పట్టుచీరలో మెరిసిపోతున్న కావ్య హార్ట్ జీతం తింటూ మనకు పనిచేసే డబుల్ ఏజెంట్. ఇందాకే ఆమె నుంచి కోడ్ మెసేజ్ వచ్చింది: "కొవ్వొత్తి తడిసింది." అంటే ఆమె సంగతి హార్ట్‌కు తెలిసిపోయింది. డబ్బీ చేతికందగానే ఆమెను చంపేస్తాడు.

చాంద్ బాషా ఢిల్లీలోని పై అధికారికి ఫోన్ చేశాడు.

"డబ్బీ బోర్డర్ దాకా పోనీ. ముఠా మొత్తం దొరకాలి."

"కావ్య, సార్?"

"ఎక్స్‌పెండబుల్. పోయినా ఫర్వాలేదు."

అతనికి కోపం కూడా రాలేదు, అంత విసిగిపోయాడు. ఫోన్ జేబులో పెట్టి, పక్క సమాధి దగ్గరున్న జీవరత్నమ్మను పిలిచాడు.

"పిన్నీ, దొరగారి చుట్టాలొచ్చారంట."

"ఇన్నేళ్లకా? ఎవురూ లేనోడని మా అత్త కాలం నుంచి మేమే సున్నం ఏస్తన్నాం గదయ్యా. పరదా ఏసుకుని ఏడుస్తన్నారా పాపం? ఒరేయ్ అంతోనీ, అన్నం గిన్నె తేరా!"

దిక్కులేని సమాధికి చుట్టమొస్తే ఊరంతా చేరి, కలిసి ఏడ్చి, అన్నం పెట్టి పంపడం అక్కడి ఆనవాయితీ. ఎన్నో నెలలు ప్లాన్ వేసిన హార్ట్‌కు ఈ సంగతి ఎవరూ చెప్పలేదు.

లోపల డబ్బీ పైకొచ్చింది. హార్ట్ పిస్టల్ కావ్య వీపుకు ఆనించాడు. సరిగ్గా అప్పుడే పరదా లేచింది. పాతిక మంది ఆడవాళ్లు మీద పడ్డారు. జీవరత్నమ్మ కావ్యను కావలించుకుని గొల్లుమంది. "ఒక్కడే పడుకున్నాడమ్మా మీ తాత, ఇన్నేళ్లూ." హార్ట్ రెండు చేతులూ ఇద్దరు చెరొకటి పట్టుకుని ఓదారుస్తున్నారు. పిస్టల్ జారి మట్టిలో పడింది. చాంద్ బాషా దాన్ని తీసుకుని, ఆ చేతులకే బేడీలు వేశాడు.

కావ్య ఇంకా జీవరత్నమ్మ భుజం మీద ఏడుస్తోంది. ఇప్పుడది నటన కాదు. ఆమె బతికినందుకు చాంద్ బాషాకు చానాళ్ల తర్వాత సంతోషమేసింది.

ఢిల్లీ నుంచి ఫోన్. "ఆర్డర్ ధిక్కరించావు. సస్పెండ్ చేస్తున్నాం."

"మంచిది సార్. నిద్రపోతాను."

జీపు ఎక్కుతున్న హార్ట్ ఒళ్లో జీవరత్నమ్మ అన్నం పొట్లం పెట్టింది.

"వచ్చే ఏడు పొద్దున్నే రా నాయనా. సున్నం నువ్వేద్దువుగాని."

"పదేళ్లదాకా కుదరదులే పిన్నీ," అన్నాడు చాంద్ బాషా. "అప్పటిదాకా మీరే వెయ్యండి."