వెడల్పాటి కత్తిలో అమ్మ ముఖం

పొద్దున్నే ఆ ఇంట్లో భోజనాల బల్ల మీద పళ్లేలకు చోటు లేదు. ఈ చివర నుంచి ఆ చివరిదాకా కత్తులే. కెప్టెన్ గారు ఓడ నడిపిందేమీ లేదు, ఓడల్లో వంట చేశాడంతే; అయినా వీధంతా ఆయన్ని అలాగే పిలుస్తుంది. దిగిన ప్రతి రేవులోనూ ఒక కత్తి కొన్నాడు. ఇప్పుడు వాటికి ఈ ఇంట్లో నూకలు చెల్లాయి. మనవడు పాకడం మొదలుపెట్టాడు మరి! కత్తులో, మనవడో తేల్చుకోమంది భార్య. ఆయన మొహం చిన్నబుచ్చుకుని సరేనన్నాడు. కొంటానన్న పెద్దమనిషి సాయంత్రంలోగా ఫొటోలు పంపమన్నాడు.

ఫొటోల పని కూతురి నెత్తిన పడింది. కుర్చీల మీంచి తెల్ల దుప్పటి దించింది. రెండు టేబుల్ లైట్లకు బటర్ పేపర్ చుట్టి బట్టల క్లిప్పులు పెట్టింది. ఫోను ఆనించడానికి బియ్యం డబ్బా తెచ్చింది. తీరా చూస్తే మొదటి ఫొటోలో ఫ్యానూ, కిటికీ, తన ముక్కూ పడ్డాయి.

"నాన్నా! ఇవేంటి ఇలా మెరుస్తున్నాయి?"

"ఫొటోలో బాగుండాలని నిన్నంతా తోమానమ్మా," అన్నాడు గర్వంగా.

"నీ తోముడు బంగారం గానూ! కత్తుల్ని అద్దాలు చేసి పెట్టావు. అమ్మా, ఓసారి వచ్చి ఈ థర్మాకోల్ అట్ట అడ్డం పట్టుకో."

"వీటికి నా చేత ఊడిగం కూడానా?" సణుగుతూనే వచ్చి పట్టుకుంది తల్లి.

కెప్టెన్ వెడల్పాటి కత్తిని దుప్పటి మీద పెట్టాడు. "ఇది తుఫాను నుంచి బయటపడ్డాక కొన్నది."

"కాదు," అంది భార్య ఠక్కున. "ఇది మన అమ్మాయి పుట్టినప్పుడు కొన్నది. పురిటికి వస్తానన్నారు. మీరు రాలేదు, తర్వాతెప్పుడో కత్తి వచ్చింది. ఆ పొడుగుది మా నాన్న పోయినప్పటిది. ఆ పొట్టిది నేను జ్వరంతో మంచం పట్టినప్పటిది. మనవడి వంక పెట్టాను గానీ, వీటిని చూస్తేనే నాకు కడుపు మండిపోతుందండీ!"

కూతురు ఏం చేయాలో తోచక ఫోను కేసి చూసింది. "అమ్మా, అట్ట దించేశావు. కత్తిలో నీ ముఖం పడింది. తీసేసి మళ్లీ..."

"తీసెయ్యకు!" కెప్టెన్ ఫోను లాక్కున్నాడు. కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూశాడు.

"ఓడలో పని అయ్యాక వీటిని తోముకుంటూ కూర్చునేవాణ్ని. ఎంత తోమినా నా మొహమే కనిపించేది. నువ్వు కనిపించడం ఇదే మొదటిసారి." ఆయన ఫోను కూతురి చేతికి తిరిగిచ్చాడు. "నేను రావాల్సిన ప్రతిసారీ ఇనప ముక్క తెచ్చాను. బుద్ధి లేదు నాకు. అమ్మేద్దాం, ఒక్కటి కూడా వద్దు."

ఆవిడ మోచేత్తో కళ్లు తుడుచుకుంది. "ఈ మాట ముందే అనుంటే ఇంత రాద్ధాంతం ఎందుకండీ? ఇన్నేళ్లూ తిట్టుకుంటూ వీటి దుమ్ము దులిపింది నేను. ఎవడికో ఎందుకిస్తాను? పైన గాజు అల్మారా చేయించండి. తాళం నా దగ్గరుంటుంది."

"మరి కొనేవాడికేం చెప్పను?" అంది కూతురు నవ్వాపుకుంటూ.

"మా ఆవిడ ఇవ్వనంటోందని చెప్పు!" కెప్టెన్‌కు ప్రాణం లేచొచ్చింది.

"ముందు ఆ ఫొటో చూపించు. ఛీ, ఏడుపు మొహం! ఇంకోటి తియ్యి. మీరూ రండి, ఎంతసేపూ అవతలే ఉంటారేం?"

ఆయన చెంగున వచ్చి పక్కన నిలబడ్డాడు. కూతురు నొక్కింది. తను పుట్టిన రోజున దూరంగా ఉన్న నాన్న, ఆ కత్తిలో అమ్మ భుజం మీద చెయ్యేసి నవ్వుతున్నాడు.