కెమికల్ లేని క్రీమ్

"మేడమ్, నన్ను జైల్ల ఎయ్యకముందే మీరు ఒక్కసారి మా ఇంటికి రావాలె."

లోపలికి వచ్చిన మనిషి కుర్చీ చూపించినా కూర్చోలేదు. ముప్పై దాటని వయసు. కొంగు చివరను వేళ్లకు చుట్టుకుని విప్పుతోంది, మళ్లీ చుట్టుకుంటోంది. మమతారాణి లేచి ఆమె చేతిలో మంచినీళ్ల గ్లాసు పెట్టింది. కరీంనగర్ మంకమ్మతోటలో మందుల దుకాణం మీదున్న ఈ గదికి వచ్చేవాళ్లలో చాలామంది ముందు నీళ్లే అడుగుతారని ఆమెకు తెలుసు.

టేబులుకు అవతల అనసూర్య కళ్లద్దాలు తుడుచుకుంటోంది. హైదరాబాద్‌లో ప్రభుత్వ నేర పరిశోధన ల్యాబులో చాలాకాలం పనిచేసి, స్వచ్ఛందంగా పదవీ విరమణ చేసి సొంతూరికి వచ్చి డిటెక్టివ్ ఆఫీసు పెట్టుకున్న మనిషి. అప్పట్లో చుట్టాలంతా నవ్వారు. నవ్వకుండా ఆమె దగ్గర పనికి చేరింది మమతారాణి ఒక్కతే. అనసూర్య ఏదైనా వస్తువును ఊరికే ఎత్తి దించినా, దాని వెనక ఒక లెక్క ఉంటుందని మమతారాణి నమ్మకం.

"కూసో బిడ్డా. ముందు నువ్వెవరో చెప్పు," అంది అనసూర్య.

ఆమె పేరు ప్రవళిక. ఊరు జమ్మికుంట. భర్త గోపాల్ దుబాయిలో పనిచేస్తాడు. ఇంట్లో తను, అత్త రామవ్వ ఇద్దరే. వంటింట్లోనే కలబంద గుజ్జుతో మొహానికి రాసుకునే క్రీమ్ చేసి అమ్ముతోంది. డబ్బా మీద పెద్ద అక్షరాలతో 'కెమికల్ లేని క్రీమ్' అని ఉంటుంది. పత్తి వ్యాపారి మధుసూదన్‌రావు కూతురు శ్రేయ ఆ క్రీమ్ గురించి ఫోన్లో వీడియోలు పెట్టాక అమ్మకాలు బాగా పెరిగాయి. శ్రేయకు పెళ్లి కుదిరింది. పసుపు ఫంక్షన్‌కు వచ్చే ఆడవాళ్లకు రిటర్న్ గిఫ్టుగా ఇవే డబ్బాలు ఇవ్వాలని ఆ పిల్లే పట్టుబట్టి ప్రత్యేకంగా చేయించింది. వాటిలో ఒకటి తీసుకుని శ్రేయ ముందే వాడటం మొదలుపెట్టింది.

"కన్ను ఎర్రగైంది మేడమ్. రెండోనాటికి నల్లగుడ్డు మీద తెల్ల మచ్చ వచ్చింది. లోపల పుండు అయ్యిందంటున్నరు. చూపు వస్తదో రాదో డాక్టర్లు చెప్తలేరు. పెండ్లి ఆపిండ్రు. నేను కెమికల్ కలిపి పిల్ల కన్ను తీసిన్నని వాళ్ల బాపు పోలీసులకు చెప్పిండు."

"కలిపినవా?"

ప్రవళిక గ్లాసును టేబుల్ మీద పెట్టింది.

"కలుపుత మేడమ్," అంది. "బూజు పట్టకుండ ప్రిజర్వేటివ్ ఏస్త. ఫినాక్సీ ఇథనాల్. నేర్పిన మేడమ్ చెప్పింది, నూటికి ఒక పాలు మించకుండ ఏస్తే ఏం కాదు, ఎయ్యకుంటెనే కష్టమని. కని కెమికల్ ఉందంటె ఎవలు కొంటరు? అందుకే లేదని రాసిన. టెస్టు చేస్తె దొరుకుతది. దొరికినంక నా మాట ఇనేటోళ్లు ఎవలున్నరు?"

మమతారాణి ఉలిక్కిపడి అనసూర్య వైపు చూసింది. కాపాడమని వచ్చిన మనిషే నేరం ఒప్పుకుంటోంది!

అనసూర్య మొహంలో మార్పు లేదు. "ఆ మందు సీసా ఉన్న సంగతి ఎవరికి తెలుసు?"

"మా ఆయనకు గూడ తెల్వది. దేవుని అర్రల, పటాల ఎనుక దాచిన. తానం చెయ్యనిదే మా అత్తమ్మ ఎవ్వర్ని అండ్లకు రానియ్యది. ఆమెకు ఇంగ్లీషు కాదు, తెలుగు గూడ చదువరాదు."

* * *

జమ్మికుంటలో వాళ్ల ఇల్లు పత్తి మార్కెట్‌కు దగ్గరే. గాలి వీస్తే దూది పోగులు అరుగు మీదికి కొట్టుకొస్తున్నాయి. రామవ్వ గుమ్మంలోనే అడ్డం నిలబడింది.

"పోలీసోళ్లా?"

"కాదవ్వా. నీ కోడలి తరఫున వచ్చినం."

"దాని తరఫున ఎవరన్న వస్తరా? నేను మొదలే చెప్పిన. మొఖానికి శెనగపిండి సాలదా, గీ డబ్బలెందుకే అని. ఇన్నదా? ఇప్పుడు దొరల బిడ్డ కన్నుకే ఎసరు పెట్టె!"

"నువ్వెప్పుడన్న రాసుకున్నవా అవ్వా?" అంది అనసూర్య.

రామవ్వ కొంచెం తడబడింది. "ఏమో... ఒక్కపారి. కాళ్ల పగుళ్లకు."

"తగ్గినయా?"

"తగ్గినయ్ తియ్యి," అని ముసలమ్మ పక్కకు జరిగింది. మమతారాణికి నవ్వొచ్చింది.

వంటింట్లో గిన్నెలు శుభ్రంగా బోర్లించి ఉన్నాయి. ప్రవళిక తన పద్ధతి చూపించింది. కలబంద గుజ్జు, నీళ్లు, నూనె, మైనం. అంతా చల్లారాక సీసాలోంచి సిరంజితో కొలిచి మందు వేస్తుంది.

"అదే సీసా అని ఎట్ల గుర్తుపడ్తవ్?"

"వాసన చూసి తీస్త మేడమ్. గా మందుకు సన్నగ గులాబి వాసన ఉంటది."

కాళ్లు కడుక్కున్నాకే రామవ్వ వాళ్లను దేవుడి గదిలోకి రానిచ్చింది. తూర్పు కిటికీలోంచి ఎండ తిన్నగా పటాల మీద పడుతోంది. ప్రవళిక వెనక నుంచి సీసా తీసి ఇచ్చింది. దాని మీద ఇంగ్లీషు లేబుల్ అలాగే ఉంది. అనసూర్య మూత తీసి వాసన చూసి, మమతారాణి ముక్కు దగ్గర పెట్టింది. గులాబి వాసనే. తర్వాత సీసాను అటూ ఇటూ ఒంచింది. లోపలి ద్రవం గబగబా కదిలింది.

"ఇది నా దగ్గరుంచుకుంట," అని సంచిలో వేసుకుంది.

"ఈ అర్రల వస్తువులు తియ్యొద్దమ్మా," అని రామవ్వ గొణిగింది. "శ్రావణ మాసం కొరకని నిండు పన్నీరు బుడ్డి తెచ్చి పెడితె, అడుక్కు పోయింది. మొఖానికి రాసే డబ్బలల్ల పోసుకున్నదో ఏందో నా కోడలు!"

"నేను ముట్టనే లే అత్తమ్మా!"

"మరి దేవుడు తాగిండా?"

అనసూర్య కిటికీ వైపు చూస్తూ అడిగింది. "ఈ గదిలోకి బయటోళ్లు ఎవరన్న వచ్చిండ్రా అవ్వా?"

"ఎవ్వర్ని రానియ్య. శ్రేయమ్మ ఒక్కతె ఒచ్చింది, ఈడ ఎల్తురు మంచిగున్నదని ఈడియో తీసుకుంటానికి. దొరల బిడ్డను తానం చేసినవా అని నేను అడుగుతనా? తలుపు దగ్గరేసి, చాయ్ పెడదామని నేను పోయిన."

* * *

మధుసూదన్‌రావు ఇంటి హాల్లో పెళ్లికి తెచ్చిన గిఫ్టు సంచులు గోడ పొడవునా పేర్చి ఉన్నాయి. ఆయన వాళ్లను కూర్చోమనలేదు.

"గా పిల్ల పంపితె ఒచ్చిండ్రా? నా బిడ్డ దాన్ని అక్కా అక్కా అనుకుంట తిరిగింది. నలుగుర్ల దానికి పేరు తెచ్చింది. అది చేసిన పనేంది? పైన కెమికల్ లేదని రాసుడు, లోపల ఫినాక్సీ ఇథనాల్ పోసుడు! నేను ఊకుంటనా?"

"పోలీసుల టెస్టు వచ్చిందా సార్?" అంది అనసూర్య.

"ఇంక రాలే. రానీ, బయటపడ్తది."

"మరి ఆ పేరు మీకు ఎవరు చెప్పిండ్రు?"

"ఎవరు చెప్తె ఏంది? నిజమా కాదా?"

ఆయన భార్య సరళాదేవి మధ్యలోకి వచ్చింది. ఏడ్చి ఏడ్చి ఆమె కళ్లు కూడా ఉబ్బి ఉన్నాయి. "ఆయన మాటలు పట్టుకోకండమ్మా. లెన్సులు పెట్టుకునే పిల్ల. పొద్దున లేచి ఆ క్రీమ్ కళ్ల చుట్టూ రాసుకుని, అదే చేత్తో లెన్సు పెట్టుకున్నది. మంటంటె నిద్రలేక అనుకున్నం."

పక్క గదిలోంచి సన్నటి గొంతు వినబడింది. "మమ్మీ, ప్రవళికక్క వచ్చిందా?"

"రాలే బిడ్డా. పడుకో."

అనసూర్య సీలు తీయని డబ్బా ఒకటి అడిగింది. "తీసుకపోండి, మీరే చూస్తరు," అని మధుసూదన్‌రావు సంచిలోంచి ఒకటి తీసి చేతిలో పెట్టాడు.

తిరుగు ప్రయాణంలో బస్సు ఎక్కాక మమతారాణి ఆగలేకపోయింది. "మేడమ్, ముసలమ్మే ఏదో కలిపిందా? కోడలి వ్యాపారమంటె ఆమెకు పడదు."

"కలిపింది అనుకునే చూస్తున్నరు అందరు. మనం కూడ అట్లనే చూస్తె ఎట్ల మమతా?" అని అనసూర్య కళ్లు మూసుకుంది.

* * *

ల్యాబు ఫలితాలు వచ్చిన మర్నాడు అనసూర్య అందరినీ మధుసూదన్‌రావు ఇంట్లోనే కూర్చోబెట్టింది. రామవ్వ సోఫా వద్దని కింద కూర్చుంది. ప్రవళిక తలుపు దగ్గర నిలబడింది. శ్రేయను తల్లి చెయ్యి పట్టుకుని తెచ్చింది. ఒక కంటి మీద ప్లాస్టిక్ కప్పు, మిగిలిన కన్ను నేల చూపులు చూస్తోంది. పెళ్లికూతురి గోరింటాకు ఆమె అరచేతుల్లో ఇంకా పూర్తిగా పోలేదు.

"సార్, మీరిచ్చిన డబ్బాను టెస్టు చేయించిన," అంది అనసూర్య. "అండ్ల ఫినాక్సీ ఇథనాల్ లేదు."

ప్రవళిక నోరు తెరుచుకుంది. "ఏంది మేడమ్? నేనే ఏసిన గద!"

"ఏ కెమికల్ కూడ లేదు. ఉన్నది బ్యాక్టీరియా. పోలీసుల టెస్టులో కూడ ఇదే తేలుతది. శ్రేయ కంట్లోని పుండులో ఉన్నదని ఆసుపత్రి రిపోర్టులో రాసిన క్రిమి, ఈ డబ్బాలో పెరిగిన క్రిమి ఒక్కటే. నీళ్లు, కలబంద ఉన్న క్రీమ్ వండిన కూరలెక్క. మందు పడకుంటె పాడైతది. కాకపోతె కూర వాసన కొడ్తది, ఇది కొట్టది. తెల్లగ, మంచిగనే కనబడ్తది. చర్మం మీద అయితె ఏం కాకపోతుండె. లెన్సుతోటి కంట్లకు పోయింది."

మమతారాణి రెండు గాజు గ్లాసుల్లో నీళ్లు పోసి టేబుల్ మీద పెట్టింది.

"ఇది నేను కొత్తగా కొన్న ఫినాక్సీ ఇథనాల్." అనసూర్య సిరంజితో ఒక చుక్క వదిలింది. చుక్క పూసలాగా గుండ్రంగా మెల్లగా దిగి గ్లాసు అడుగున నిలిచింది. "నీళ్ల కంటె బరువైన మందు. కలపకుంటె తొందరగ కరగది. ఇది ప్రవళిక సీసాలోది."

రెండో చుక్క పడీ పడగానే నీళ్లలో కలిసి మాయమైంది.

"పన్నీరు," అంది అనసూర్య. "మందుకు గులాబి వాసన, పన్నీరుకు గులాబి వాసన. వాసన చూసి తీసే మనిషికి తేడా తెల్వలే. ఎవరో మందు పారబోసి, సీసాలో పన్నీరు నింపిండ్రు. రామవ్వ బుడ్డి ఖాళీ అయ్యింది అందుకే."

"నేను కాదమ్మా! దేవుని తోడు!" రామవ్వ లేవబోయింది.

"నువ్వు కాదవ్వా. నీకు లేబుల్ చదువరాదు. పారబోసినోళ్లు ఆ పేరు చదివి, అది విషమని భయపడ్డరు. ఆ పేరు ఆ సీసా మీద తప్ప ఆ ఇంట్ల ఎక్కడ లేదు. ప్రవళిక ఎవరికీ చెప్పలే. కని టెస్టు రాకముందే ఒకాయన నోట్ల నేను ఆ పేరు విన్న. మధుసూదన్‌రావుగారూ, మీకు ఎవరు చెప్పిండ్రని మల్ల అడుగుతున్న."

మధుసూదన్‌రావు కుర్చీలో సర్దుకుని కూర్చున్నాడు. తల మాత్రం, ఆయనకు తెలియకుండానే, కూతురి వైపు తిరిగింది.

సరళాదేవి పట్టుకున్న చెయ్యి వదిలేసింది. "శ్రేయా?"

"నేనే," అంది శ్రేయ. "వీడియో తీస్తుంటె పటం ఎనుక కనబడ్డది. పేరు ఫోన్ల ఎతికిన. క్యాన్సర్ అని, ఇంకేందో అని మస్తు వచ్చినయ్. అక్క నన్ను మోసం చేసిందనుకున్న. కెమికల్ లేదని నేనే అందరికి చెప్పిన కద! అడిగితె లొల్లి అయితదని... మోరీల పారబోసి పన్నీరు పోసిన. ఈ సారి నా పెండ్లి డబ్బలు నిజంగనే మంచిగుంటయనుకున్న. కన్ను మండితె, వేరే ఇంకేదో కలిపిందనుకుని, ఆ సీసా మీది పేరు బాపుకు చెప్పిన. పారబోసింది మాత్రం చెప్పలే." ఆమె చేత్తో కంటి కప్పును తడిమింది. "నా కన్ను నేనే తీసుకున్ననా మేడమ్?"

ఎన్నో కేసుల్లో దొంగను పట్టుకున్న క్షణం మమతారాణికి సంబరంగా ఉండేది. ఈ రోజు అనసూర్య మొహం కూడా చూడలేకపోయింది.

"నేను లేదని రాయకపోతె నువ్వు పారబోయకపోదువు చెల్లె," అంది ప్రవళిక తలుపు దగ్గర నుంచే. "ఉందని రాసి, ఎందుకేస్తరో చెప్తె అయిపోతుండె. అమ్ముడుపోదని భయపడ్డ."

"అదీ నిజమే," అంది అనసూర్య. "లైసెన్సు లేకుండ అమ్మినందుకు, అబద్ధం రాసినందుకు నువ్వు జవాబు చెప్పాలె. కన్ను తీసిన నేరం మాత్రం నీది కాదు. సార్, ఇప్పుడు ఎస్సైకి మీరే ఫోన్ చెయ్యాలె."

మధుసూదన్‌రావు జేబులో ఫోన్ కోసం వెతుక్కున్నాడు. బయటికి తీస్తుంటే అది కింద పడింది. రామవ్వ తీసి ఆయన చేతికిచ్చింది.

అప్పుడు శ్రేయ ఒక్కసారిగా లేచింది. "మమ్మీ, నా ఫోన్ తే. తొందరగ!"

"ఎందుకే? ఫోన్ చూడొద్దని డాక్టర్..."

"ఆ సీసా చూసినంక నేను ఇంకో వీడియో పెట్టిన మమ్మీ. కొన్నవేవీ నమ్మకండి, కలబంద, పన్నీరు కలిపి ఇంట్లనే చేసుకోండి, ఏ మందూ ఎయ్యకండి, నెలదాక నిలువ ఉంటది అని. ఎంతమంది చూసిండ్రో!"

మమతారాణే ఫోన్ అందుకుని తెరిచింది. వీడియో కింద కామెంట్ల వరస కిందికి పోతూనే ఉంది. చేసినం అక్కా, మస్తుగుంది అక్కా. చదువుతున్న కొద్దీ ఆమె గొంతు తగ్గిపోయింది. ఒకచోట ఆగిపోయింది.

"చదువండి," అంది శ్రేయ.

"హుస్నాబాద్ నుంచి ఒకామె. మీరు చెప్పినట్టే చేసిన, మా చిన్నదానికి బుగ్గల మీద పొక్కులున్నయి, రోజు రాస్తున్న... అని. నంబరు కూడా పెట్టింది."

"కలపండి."

అవతల ఫోన్ మోగుతోంది. శ్రేయ బాగున్న కంటిని కూడా గట్టిగా మూసుకుంది. ఎవరో ఎత్తారు. వెనక ఎక్కడో పసిపిల్ల ఏడుపు.

"అక్కా, నేను శ్రేయను. నేను తప్పు చెప్పిన. పిల్ల కండ్లు ఎట్లున్నయ్, ముందు గది చెప్పు అక్కా."