అవతలింటి నుంచే అందే గోడ

ఆదివారం పొద్దున బండి తీద్దామని ఇంటి వెనక సందులోకి వచ్చిన ఫణీంద్రకి దారికి అడ్డంగా ఒక పొడవాటి అల్యూమినియం నిచ్చెన కనిపించింది.

ఎవరిది, ఎందుకు అని ఆలోచించే ఓపిక లేదు. అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్‌లో క్లాసుకి అప్పటికే ఆలస్యమైంది. రెండు చేతులా పట్టుకుని పక్కకి లాగాడు. కదల్లేదు. ఇంకాస్త బలంగా లాగాడు.

"గుంజు అన్నా, ఇంక జర గట్టిగ గుంజు! ఏం రాదు."

నిచ్చెన వదిలేసి తలెత్తాడు. వెనకింటి మూడంతస్తుల గోడ మీద, నిచ్చెన సగానికి పైన, పసుపు హెల్మెట్ పెట్టుకున్న అమ్మాయి ఒకతె నింపాదిగా గోడకి పట్టిన నాచు గీకుతోంది.

"పైన మనిషి ఉన్నరని చూసుకోలే. సారీ అండి!"

"ఏం కాదు. పైన కిటికీకి కట్టిన, కింద మేకులకు కట్టిన. ఎవరో ఒకరు చూసుకోకుంట గుంజుతరని ఎరికే."

"ఎట్ల ఎరిక?"

"ప్రతి సైటుల ఒకరుంటరు."

ఫణీంద్ర ముఖం మాడిపోయింది. తప్పు తనదే అయినా ఊరుకుంటే మగతనం ఏముంది! "మా కాంపౌండ్‌ల మీ నిచ్చెన ఏందండి అసలు?" అన్నాడు.

"మనోరమ ఆంటీని అడిగే పెట్టిన. మీరెవరు?"

"ఆమె కొడుకును."

"ఓహో, నిచ్చెన లెక్కలు చెప్పే సార్ మీరేనా!"

వంటింటి కిటికీలోంచి అమ్మ నవ్వు వినబడింది. గోడకి ఆనించిన నిచ్చెన పొడవు ఎంత, గోడ ఎత్తు ఎంత అని ఏళ్ల తరబడి పిల్లలకి బోర్డు మీద చెబుతున్న ఫణీంద్ర, నిజం నిచ్చెనని ముట్టుకోవడం అదే మొదటిసారి. ఆ సంగతి అమ్మ అప్పటికే ఊదేసినట్టుంది.

ఆ అమ్మాయి పేరు నవత. కోఠిలో బట్టల దుకాణం నడిపే బాలకిషన్ గారి కూతురు. చిక్కడపల్లిలో ఆ రెండిళ్లూ మధ్యలో సన్న సందుతో వీపులు తిప్పుకుని ఉంటాయి, పైగా గుమ్మాలు వేరే వేరే గల్లీల్లోకి. అందుకే ఇన్నేళ్లలో ఒకరి ముఖం ఒకరు సరిగ్గా చూసుకోలేదు. నవత ఊరి చివర కడుతున్న పెద్ద అపార్ట్‌మెంట్ల దగ్గర సేఫ్టీ ఆఫీసర్. వారమంతా వందలమంది చేత హెల్మెట్లు పెట్టించి, ఆదివారం తన ఇంటికి తనే రంగు వేసుకుంటోంది.

"పెయింటర్లు దొరకలేదా?" అని ఆ సాయంత్రం టీ గ్లాసు అందిస్తూ అడిగాడు ఫణీంద్ర.

"వచ్చిన్రు. నీళ్ల ట్యాంకు పైపుకు తాడు కట్టి దిగుతమన్నరు. నడుముకు సేఫ్టీ బెల్టేది అని అడిగితే, 'మాకలవాటే మేడమ్' అన్నరు. మా గోడ అందంగుండాలని ఒకరి పిల్లలు దిక్కులేనోళ్లు కావాల్నా? గట్ల వేయించుకునే బదులు నేనే వేసుకుంట."

టీ తాగేసి గ్లాసు కడిగి మరీ ఇచ్చింది. ఫణీంద్ర ఆ గ్లాసు పట్టుకుని చాలాసేపు అక్కడే నిలబడ్డాడు.

రంగు ముచ్చట వచ్చినప్పుడు ఇంకా ముచ్చటేసింది అతనికి. "ఇరవై ఏండ్ల సంది మీ నల్లగోడ చూసుకుంట అన్నం వండుతున్న బిడ్డా," అని మనోరమ కిటికీలోంచి నిష్ఠూరమాడితే, నవత రంగుల షేడ్ కార్డు తెచ్చి ఆమె చేతిలోనే పెట్టింది.

"రంగు మీరే చెప్పాలె ఆంటీ. గోడ మాదే గని, మాకు కనవడదు. చూసేది మీరు."

మనోరమ అరటాకు పచ్చ ఎంచింది. బాలకిషన్ లబోదిబోమన్నాడు. "ఇల్లంత క్రీము, ఆ ఒక్క గోడ పచ్చ ఏందే?"

"నీకు కనవడుతదా నాయినా?"

"లేదు."

"మరి?"

ఆయన చెప్పులేసుకుని దుకాణానికి వెళ్లిపోయాడు.

ఆ తర్వాత ఆదివారాలు ఫణీంద్రకి ఇట్టే గడిచిపోయాయి. పొద్దున క్లాసు ఇంకో సారుకి అంటగట్టి, నిచ్చెన కాలు పట్టుకునే ఉద్యోగంలో చేరాడు. నవత పని చూస్తుంటే కళ్లు తిప్పుకోబుద్ధి కాదు. నిచ్చెన పెట్టాక రెండుసార్లు ఊపి చూస్తుంది. డబ్బా కొక్కేనికి తగిలిస్తుంది తప్ప చేత్తో పట్టుకుని ఎక్కదు. ఎప్పుడూ రెండు కాళ్లూ ఒక చెయ్యీ నిచ్చెన మీదే. పక్కకి చెయ్యి చాచడమన్నది లేదు.

"ఆ జానెడు అందుతది గద, ఒంగితే అయిపోతది," అన్నాడు ఒకసారి.

"బొడ్డు నిచ్చెన దాటి బయటికి పోవద్దు. అందకపోతే దిగాలె, నిచ్చెన జరపాలె, మల్ల ఎక్కాలె."

"జానెడుకు గంత కష్టమా?"

"జానెడు కోసమే పడ్తరందరు."

దిగింది, జరిపింది, ఎక్కింది. విసుగు లేదు, తొందర లేదు. అంత శ్రద్ధగా పనిచేసే మనిషిని ఫణీంద్ర తన ముప్పై ఏళ్లలో చూడలేదు.

కింద నిలబడే ఎవరికైనా హెల్మెట్ తప్పనిసరి. ఆరేసిన బట్టలు తీసుకోవడానికి వచ్చిన మనోరమకీ మినహాయింపు లేదు. కొప్పు మీద హెల్మెట్ నిలవక ఆమె తిప్పలు పడుతుంటే ఇద్దరూ పడీపడీ నవ్వారు.

ఒకరోజు ఉన్నట్టుండి జల్లు కురిసింది. నవత చకచకా దిగేసి, "తడి నిచ్చెన ఎక్కేది లేదు," అంది. ఫణీంద్ర నారాయణగూడ చౌరస్తా దాకా ఉరికి మిర్చి బజ్జీలు తెచ్చాడు. సజ్జ కింద ఇద్దరూ గోడకి ఆనుకుని తింటుంటే, ఆమె చెంప మీద పచ్చరంగు చుక్క ఒకటి కనిపించింది. చెబుదామనుకున్నాడు. చెబితే తుడిచేసుకుంటుందని ఊరుకున్నాడు.

"ఏంది గట్ల చూస్తున్నవ్?"

"ఏం లేదు. వాన చూస్తున్న."

"వాన అటు దిక్కు పడ్తున్నది."

'అన్న' అని పిలవడం ఆమె ఎప్పుడు మానేసిందో ఇద్దరికీ గుర్తులేదు.

కష్టం గోడ పైభాగం దగ్గర వచ్చింది. నాలుగడుగుల ఎత్తుకి నిచ్చెన కాలు ఒక అడుగు దూరం ఉండాలని నవత లెక్క. రెండిళ్ల మధ్య సందు ఆరడుగులే. ఇరవై నాలుగడుగుల పైన నిచ్చెన నిటారుగా నిలబడుతుంది, వెనక్కి వాలిపోతుంది. ఈ లెక్క మాత్రం ఫణీంద్ర క్షణంలో చేశాడు.

"మా డాబా మీదికెల్లి పొడుగు కర్ర రోలర్‌తోని వేస్తే? కాళ్లు నేలమీదనే ఉంటయి గద!"

నవత కళ్లు మెరిశాయి. డాబా ఎక్కి చూసి, అంతలోనే పెదవి విరిచింది. "పిట్టగోడ మోకాలంతనే ఉన్నది. గిసొంటి గోడ మనిషిని ఆపదు, కాలికి తట్టి పడేస్తది. వద్దు. ఇంకేమన్న ఆలోచన చేద్దాం."

ఆమె ఇంకో డబ్బా తేవడానికి ఇంటికి వెళ్లింది. ఫణీంద్రకి అదే అదను అనిపించింది. వచ్చేసరికి పైముక్క పూర్తయి ఉంటే ఎంత మురిసిపోతుందో! నిచ్చెన చివరిమెట్టు దాకా ఎక్కి, బ్రష్షు పట్టుకుని పైకి ఒళ్లంతా సాగదీశాడు. జానెడు. ఇంకో జానెడు. మెట్టు మీద కాలు జారింది. డబ్బా కిందపడి సిమెంటు నేలంతా పచ్చగా అయింది. అతను కిటికీ ఊచ పట్టుకుని వేలాడుతూ మిగిలాడు.

"ఫణీ. కిందికి చూడకు. నా మాట విను." డబ్బాతో తిరిగొచ్చిన నవత గొంతు ఎంతో నెమ్మదిగా ఉంది. "ఎడమ కాలు కొంచెం లోపలికి. ఇంక జర. దొరికిందా మెట్టు? ఇప్పుడు కుడికాలు."

ఒక్కొక్క మెట్టూ ఆమె మాట పట్టుకునే దిగాడు. కాళ్లు నేలకి తాకాక తిరిగి చూస్తే, అంత నెమ్మదిగా మాట్లాడిన మనిషి గడగడా వణుకుతోంది.

"నేను మెచ్చుకోవాలని ఎక్కినవా?"

అతను పడిపోయిన డబ్బా లేపి నిలబెట్టాడు.

"పోయినేడు మా సైటుల ఒకాయన పడ్డడు. ఆయనింటికి ఫోన్ నేనే చేసిన. 'మా ఆయన అన్నం తిన్నడా' అని అడిగింది ఆయన భార్య. నేనేం చెప్పాలె?" కళ్లు తుడుచుకుంది. "నా నిచ్చెన నువ్వు మల్ల ముట్టకు."

నిచ్చెన విప్పుకుని వెళ్లిపోయింది. మరుసటి ఆదివారం రాలేదు. ఫోన్ ఎత్తలేదు. గోడ కింద పచ్చగా, పైన నల్లగా సగం గుండు చేసినట్టు మిగిలింది. క్లాసులో బోర్డు మీద నిచ్చెన గీయబోయి ఫణీంద్ర చెరిపేశాడు.

మనోరమ తిట్టలేదు, ఓదార్చలేదు. "మాటలతోని పోయేది కాదురా ఇది," అంది అంతే.

ఫణీంద్రకి ఆ మాట తలకెక్కింది. నారాయణగూడలో వెల్డింగ్ పనిచేసే మొగిలయ్యని వెంటబెట్టుకొచ్చి, డాబా అంచు పొడవునా పిట్టగోడ మీద నడుమెత్తు దాటేలా ఇనుప పైపుల రెయిలింగ్ వేయించాడు. తను మాత్రం అంచు దగ్గరికి పోకుండా, డాబా మధ్యలో నిలబడి మొగిలయ్యకి బెల్టు పెట్టించాడు. రెండోసారి అడిగితేగానీ మొగిలయ్య పెట్టుకోలేదు.

అప్పుడు గల్లీ చుట్టూ తిరిగి బాలకిషన్ గుమ్మం ముందుకెళ్లాడు.

"అంకుల్, నవతను రంగేయడానికి రమ్మంటలేను. మా డాబా మీద వేయించిన రెయిలింగ్ చెక్ చేసి పొమ్మనండి. బాగలేదంటే పీకిస్త."

ఆదివారం నవత వచ్చింది. పలకరించలేదు. పైపుని రెండు చేతులా పట్టుకుని, కాళ్లు తన్నిపెట్టి, ఉన్న బలమంతా పెట్టి గుంజింది. ఈ కొస నుంచి ఆ కొస దాకా గుంజుతూ పోయింది. ఒక్క పైపూ కదల్లేదు.

"ఎవరు చెప్పిన్రు గింత ఎత్తు పెట్టాలని?"

"నువ్వు ఒంగినా నీ నడుము పైపు దాటొద్దనుకున్న."

నవత తల తిప్పుకుంది. "మంచిగున్నది ఫణీ. మస్తు మంచిగున్నది," అంది. ఆ మాట వినగానే ఫణీంద్ర రోలర్లు తేవడానికి ఉరికాడు.

రెండు పొడుగు కర్రలకి రోలర్లు తగిలించి పక్కపక్కన నిలబడి వేయడం మొదలుపెట్టారు. సొంతింటి నుంచి అందని గోడ, అవతలింటి నుంచి హాయిగా అందింది. నల్లదనం తరుగుతున్న కొద్దీ ఫణీంద్ర చెయ్యి మందగించింది. తలుపంత ముక్క మిగిలాక కర్ర దించేశాడు.

"ఏమైంది?"

"ఇది అయిపోతే నువ్వు మల్ల రావు. గందుకే చెయ్యి ఆడ్తలేదు." ఇక దాచుకోలేకపోయాడు. "నువ్వంటే నాకు మస్తు ఇష్టం నవతా. నువ్వు పనిచేసే తీరు ఇష్టం. తిట్టిన తిట్టు గూడ ఇష్టమే. గోడ లేకున్నా నువ్వు రావాలె."

ఆమె కర్రని గోడకి ఆనించింది. "సైటుల మున్నూరు మంది ఎక్కుతరు, దిగుతరు. అందరికోసం భయపడ్త. గని ఎవరికోసం నా చేతులు గట్ల వణకలే. ఆ దినం ఇంటికి పోయినంక గూడ ఆగలే." అతని చెయ్యి పట్టుకుంది. "నువ్వు మంచిగుండాలె. నాకు గంతే కావాలె."

మెట్ల దగ్గర దగ్గు వినబడి ఇద్దరూ చేతులు విడిపించుకున్నారు. బాలకిషన్. వెనకాలే టీ పళ్లెంతో మనోరమ. ఆయన ఆ డాబా ఎక్కడం ఇదే మొదలు. తన ఇంటి గోడని అటు నుంచి చూడడమూ ఇదే మొదలు.

"అరే! పచ్చరంగు మంచిగనే ఉన్నదే," అన్నాడు. గోడని చూశాడు, కూతుర్ని చూశాడు, రెయిలింగ్‌ని ఒకసారి ఊపి చూసి ఫణీంద్రనీ చూశాడు. "మనోరమగారు, గోడ సంగతి మీరే చెప్పిన్రు. ఇగ వీళ్ల సంగతి గూడ మీరే చెప్పాలె."

"నేను చెప్పేదేముందన్నా! ఏ గోడకైన రంగు రెండు పూతలు చాలు గద. మీ పిల్ల కింద సగానికి నాలుగు పూతలేసింది. రెండో పూతకే నున్నగ అయింది. మూడోది ఎందుకేస్తున్నదో, నాలుగోది ఎందుకేస్తున్నదో, నేను బియ్యం కడుక్కుంట చూస్తనే ఉన్న."

ఫణీంద్ర నోరు తెరుచుకుని నవత వైపు తిరిగాడు. ఇన్ని ఆదివారాలూ పని అయిపోతుందేమోనని తను బిక్కుబిక్కుమంటుంటే, అవ్వకుండా చూసింది ఆమేనన్నమాట!

"రంగు కింద వేసిన ప్రైమర్ సరిగ్గ పట్టలే ఆంటీ," అంది నవత, హెల్మెట్ కళ్ల మీదికి లాక్కుంటూ.

"పట్టింది బిడ్డా. నేను చూసిన గద," అని మనోరమ పళ్లెం కింద పెట్టి, ఆ హెల్మెట్ తీసి, చెదిరిన జుట్టు చెవి వెనక్కి సర్దింది.