పూసుకున్న బొగ్గుమసి

పెరట్లో బండ మీద కూర్చున్న భర్త తల మీద నీళ్లు పోయబోతూ, చెంబు ఎత్తిన చెయ్యి అలాగే ఆగిపోయింది మేస్త్రి కోడలికి. భుజం పట్టేసి చెయ్యి పైకి లేవటం లేదని ఆయన అంటే, నేను పోస్తానని తానే వచ్చింది. లేకపోతే రెండు నెలలుగా ఆమెను ఆ దరిదాపులకే రానివ్వటం లేదు ఆయన. "నువ్వెళ్లి వంట చూసుకో, నేను పోసుకుంటాను" అని పంపేసేవాడు. నా నడుం నొప్పి చూసి ఎంత జాలిపడుతున్నాడో అని మురిసిపోయింది పిచ్చిది!

ఇప్పుడు చూస్తే ఆయన నుదురు ఈ చెవి నుంచి ఆ చెవి దాకా ఒకే నలుపుగా ఉంది.

గనిలోకి దిగి వచ్చినవాడి నుదురు అలా ఉండదు. హెల్మెట్ పట్టీ బిగిసిన చోట వేలెడు వెడల్పున చర్మం తేటగా మిగులుతుంది. కాపురానికి వచ్చిన నాటి నుంచీ ఆ తేట చారను చూస్తూనే ఉంది ఆమె. చెవుల వెనక చూసింది, ముక్కుపుటాలు చూసింది. శుభ్రంగా ఉన్నాయి! ఎవరో కూర్చోబెట్టి పూసినట్టుంది ఆ నలుపంతా. నీళ్లు పోసింది. ఒక్క చెంబుకే సగం మసి కారిపోయింది.

ఆ వీధిలో నలుపంటే మాటలు కాదు. మామగారు మేస్త్రిగా ఉండి, నలుగురు కూలీలను వెంటేసుకుని మొదటి గొయ్యి తవ్వించిన గని అది. పెద్ద గనులవాళ్లు చూస్తే నవ్వుతారు, అంత చిన్నది. సన్నటి బొగ్గు పొర, నడుం వంచి తవ్వాల్సిన సొరంగాలు. అయినా అన్ని కుటుంబాలకూ అన్నం పెట్టింది. ఒకరోజు దిగిన మామగారిని పైకి పంపలేదు కూడా అదే. ఆ తర్వాతెప్పుడో గని పక్కనే వేడినీళ్ల స్నానాలగది కట్టించినా, పాత కుటుంబాల మగవాళ్లు అందులో ఒంటి మీద నీళ్లు పోసుకోరు. నల్లటి ఒంటితో వీధంతా నడిచి ఇంటికొచ్చి కడుక్కోవటం వాళ్లకు దర్జా. ఆ నడకను గుమ్మంలో నిలబడి చూసుకోవటం ఆమెకు దర్జా!

ఆ దర్జాతోనే కదా నిరుడు తమ్ముణ్ణి పోగొట్టుకుంది... "భయమేస్తోందక్కా, ఇక దిగలేను" అని వాడు గని మానేసి సైకిల్ షాపు పెట్టుకుంటే, అన్నం ముందు కూర్చున్నవాణ్ణి పట్టుకుని కడిగేసింది. "నా దగ్గర గాజులు చాలా ఉన్నాయి, ఓ డజను పట్టుకెళ్లు. మగాడివయ్యాక నా గడప తొక్కు" అంది. వాడు చెయ్యి కడుక్కుని వెళ్లిపోయాడు, మళ్లీ రాలేదు. పక్కనే ఉన్న ఆయన అంతా వింటూ అన్నం ముగించాడు.

నీళ్లు పోసిన మర్నాడు ఆయన డ్యూటీకి వెళ్లగానే అత్తగారి దగ్గర కూలబడింది.

"అత్తయ్యా, మీ అబ్బాయి గనిలోకి దిగటం లేదు."

కూరగాయలు తరుగుతున్న అత్తగారు తలెత్తలేదు. "రెండు నెలల కింద గనిలో కప్పు కూలింది చూడు, అప్పటినుంచీ దిగట్లేదు. దీపం ఆరిపోయి, రాళ్ల వెనక చాలాసేపు ఒక్కడే ఉండిపోయాడట. మళ్లీ దిగబోతే ఒళ్లంతా వణుకు. మేనేజరే జాలిపడి స్నానాలగదిలో వేశాడు. నేల కడగటం, తువ్వాళ్లు అందివ్వటం..."

"మీకు తెలుసా?"

"మొదటి రోజే తెలిసింది. మీ మామగారి బట్టలు ఎన్నేళ్లు ఉతికాను, అసలు నలుపేదో ఆ మాత్రం పోల్చుకోలేనా?"

"మరి నాకెందుకు చెప్పలేదు?"

అప్పుడు తలెత్తింది పెద్దావిడ. ఆ చూపులో కోపం లేదు. "వాడు నా చేతులు పట్టుకున్నాడమ్మా. నీకు తెలిస్తే తనను మనిషిగా చూడవన్నాడు. నీ కూతురికీ తెలుసు. నువ్వొస్తుంటే మాట మార్చేస్తాం, అంతే. నాకేముంది... వాడు నేల మీద ఉన్నాడు, సాయంత్రానికి ఇంటికొస్తాడు. మీ మామగారి విషయంలో నాకా భాగ్యం లేకపోయింది."

సిగ్గుతో చితికిపోయింది ఆమె. తాను గదిలోకి రాగానే నవ్వులు ఆగిపోవటం, కూతురు పుస్తకంలో తల దూర్చటం, అన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. ఇంటిని నెత్తిన పెట్టుకుని మోస్తున్నాననుకుందే... ఇంటిల్లిపాదీ తనకు భయపడి బతుకుతున్నారా! భూమి మింగేస్తే బాగుండునని, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

సాయంత్రం పని అయ్యాక ఆయన బావమరిది సైకిల్ షాపులో కూర్చుంటాడని కూడా అత్తగారే చెప్పింది. ఆమె వెళ్లి టైర్ల గుట్ట వెనక నిలబడింది. ఆయన తేటగా స్నానం చేసి, బెంచీ మీద కూర్చుని బొగ్గుపొడి పొట్లం విప్పి మొహానికి పూసుకుంటున్నాడు. తమ్ముడు అద్దం పట్టుకున్నాడు.

"గడ్డం కింద అంటలేదు బావా. అసలే డేగ కళ్లు అక్కవి."

"నిన్న నీళ్లు పోసిందిరా. పైప్రాణాలు పైనే పోయాయనుకో. ఏం కనిపెట్టినట్టు లేదు."

"కనిపెడితే ఇద్దరికీ గాజులు వచ్చేవి."

ఇద్దరూ నవ్వుకున్నారు. ఆయన అంత హాయిగా నవ్వి ఎన్నాళ్లయిందో! ఆమె ముందుకొచ్చింది. ఇద్దరూ దిగ్గున లేచి నిలబడ్డారు.

"గనికి భయపడ్డారు సరే," అంది, "నాకు కూడానా?"

ఆయన నేలచూపులు చూశాడు. "గని సంగతి మేనేజరు చూశాడు. నీ సంగతే..." అని ఆగిపోయాడు.

ఆమె చెయ్యి చాపితే ఆయన మొహం పక్కకు తిప్పుకున్నాడు. ఆ ఒక్క కదలికకు ఆమె గుండె పగిలింది. పంక్చర్లు చూసే తొట్టిలో కొంగు ముంచి, ఆయన మొహం మెల్లగా తుడిచింది. "తప్పు నాదండీ. ఇలాగే ఇంటికి పదండి." తమ్ముడి వైపు తిరిగింది. "నువ్వూ రారా, అన్నం తిందువుగాని. ఎంత తిట్టాలనుందో అంత తిట్టు."

"ముందు అన్నం పెట్టక్కా. తిన్నాక తీరిగ్గా తిడతాను" అన్నాడు వాడు కళ్లు తుడుచుకుంటూ.

వీధిలోకి తిరిగేసరికి షిఫ్టు విడిచిన మగవాళ్లు నల్లగా నడిచి వస్తున్నారు. గుమ్మాల నిండా ఆడవాళ్లు. ఎదురింటి డ్రిల్లర్ భార్య ముందుకొచ్చింది.

"ఏంటొదినా, అన్నయ్య తెల్లగా వస్తున్నాడు? డ్యూటీ లేదా?"

పక్కన ఆయన అడుగు ఆగింది. సెలవు పెట్టారనే అబద్ధం ఆమె నాలుక చివరే ఉంది.

"ఉంది వదినా. రెండు నెలలుగా స్నానాలగదిలో చేస్తున్నారు. నాకే ఇవాళ తెలిసింది. నా నోటికి జడిసి చెప్పలేదు."

చెప్పి తలదించుకుంది. నవ్వుతారనుకుంది. డ్రిల్లర్ భార్య అటూ ఇటూ చూసి, దగ్గరికొచ్చి, ఆమె చెయ్యి పట్టుకుంది.

"అక్కడ ఇంకో మనిషికి చోటుందేమో అన్నయ్యని అడుగుతావా? మా ఆయన రోజూ దిగేముందు వాంతి చేసుకుంటున్నాడు. నేనడిగానని మాత్రం ఆయనకి తెలియనివ్వకు."