మూలకో మాసిక

"దొరికింది రా కంబగిరీ! చేప బొమ్మ!"

మద్దిలేటి కేక నల్లమల లోయంతా తిరిగొచ్చింది. మద్దిలేటికి దొరికిన పాత రాగిరేకు మీద నిధి గుర్తుగా గీసిన చేపే ఈ గుహ నుదుటా చెక్కి ఉంది. ఒకప్పటి ఫారెస్టు వాచరు మద్దిలేటి నిధి కోసం వచ్చాడు. షామియానాలు కుట్టే కంబగిరి మనిషి మాట కోసం వచ్చాడు. భార్య పోయాక అతని ఇంట్లో మాట్లాడేది కుట్టుమిషను ఒక్కటే, అదీ తొక్కితేనే!

మధ్యాహ్నానికల్లా గుహలో గుంత తవ్వి, బంగారు పూసలు కాన్వాసు సంచికి ఎత్తారు. ఆనందంతో గంతేసిన మద్దిలేటి పాచి మీద జారాడు. కాలు ఫటుక్కున విరిగింది. అంతలో కుండపోత! వాగు గుహలోకి దూరింది. కంబగిరి సంచినీ స్నేహితుణ్ణీ ఈడ్చుకుంటూ బయటి బోడిబండ ఎక్కాడు. ఈ ప్రయాణానికని కుట్టి తెచ్చిన పల్చని నైలాను పట్టాను నాలుగు తాళ్లతో చుట్టూ ఉన్న చెట్లకు బిగించాడు.

గాలి ఒక్క గుంజు గుంజింది. పర్ర్! తాడు కట్టిన మూల చిరిగిపోయింది.

ముప్పై ఏళ్లుగా ప్రతి షామియానా మూలకూ రెండు పొరల మాసిక వేసిన చెయ్యి అది. మోసేది తనే కదా అని ఈసారి మాసికలు మానేసింది. బరువు తగ్గింది, పరువూ తగ్గింది. అతుకు లేని చోట ఇప్పుడు బతుకే చిరుగుతోంది.

మద్దిలేటి పెదవులు నల్లబడ్డాయి. "చలి రా..." అన్నాడు. ఆపైన మాట లేదు. ఆ నిశ్శబ్దం కంబగిరికి కొత్త కాదు. రోజూ ఇంట్లో వినేదే.

సంచి బోర్లించాడు. పూసలు వాననీటిలో దొర్లుతూ లోయలోకి దూకాయి.

"ఏం చేస్తాండావ్ రా పిచ్చోడా!"

"అరువ్! ఇంకా అరువ్!"

సంచిని గుండ్రటి ముక్కలుగా కోశాడు. చదరంగా కోస్తే ఆ కొసల దగ్గరే మళ్లీ చిరుగుతుంది. టోపీలోంచి సూదీదారం తీసి, మూలకు అటొకటి ఇటొకటి పెట్టి, గుడ్డతోపాటు వేళ్లూ కుట్టుకున్నాడు. నాలుగు మూలలూ అయ్యాక తాళ్లు బిగించాడు. గాలి మళ్లీ గుంజింది. పట్టా మూలిగింది గానీ వదల్లేదు. కింద మిత్రుణ్ణి గుండెకు హత్తుకుని కూర్చున్నాడు.

వాన వెలిశాక కాలికి కర్రలు కట్టి, మద్దిలేటిని వీపున వేసుకుని దిగసాగాడు. దారంతా తిట్లే.

"బంగారం రా! ఏట్లో పోస్తివే! ఇంక నీతో మాట్లాడను పో!"

పది అడుగులు చప్పుడు లేదు. కంబగిరి కాళ్లు ఆగిపోయాయి.

"రేయ్ మద్దీ?"

"ఊపిరి తీసుకుంటాండా లేరా! తిట్టాల్సింది ఇంకా శానా ఉండాది. నడువ్."