లహరి పెట్టిన పేరు

మధ్యాహ్నం భోజనాలయ్యాయి. ఐదో తరగతి పిల్లలకు కళ్ళు మూతలు పడుతున్నాయి. అది చూసి హేమావతి టీచర్ లెక్కల పుస్తకం మూసేసింది.

"మీ పేర్ల కథలు ఇంట్లో అడిగి రమ్మన్నాను కదా. ఒక్కొక్కరే చెప్పండి" అంది.

నిద్ర ఎక్కడికి పోయిందో పోయింది. తమ గురించి తాము చెప్పుకోమంటే ఎవరికి చేదు?

"రేష్మ అంటే పట్టు టీచర్. ఉర్దూ మాట. మా తాత ధర్మవరంలో పట్టుచీరల మగ్గం నేసేవాడు. అందుకని పెట్టినారు" అంది రేష్మ.

"నాది అహోబిలం నరసింహస్వామి పేరు. మా అమ్మ ఆడికి పోయి మొక్కుకున్నాక పుట్టినా" అన్నాడు ఓబిలేష్.

"మా అమ్మోళ్ళది కర్ణాటక టీచర్. కన్నడంలో కెంపు అంటే ఎరుపు. పుట్టినప్పుడు నేను టమాటా మాదిరి ఉన్నానంట" అన్నాడు కెంపరాజు. అందరూ నవ్వారు. వాడూ నవ్వాడు.

లహరి వంతు వచ్చింది. లేచి గొంతు సవరించుకుంది. "లహరి అంటే అల టీచర్. మా నాయన ఫోన్లో వెతికి వెతికి పెట్టినాడు."

వాళ్ళ ఊరు బెళుగుప్ప చుట్టుపక్కల అలలు లేచేంత నీళ్ళు ఎవరూ చూసిన పాపాన పోలేదు. నాలుగు చినుకులు పడితేనే పండగ. అయినా పేరు మాత్రం అందంగా ఉంది. ఆ సంగతి లహరికి బాగా తెలుసు.

తర్వాత పుల్లమ్మ లేచింది. యూనిఫాం అంచును వేలికి చుట్టుకుంటూ నిలబడింది.

"అడిగితే మా అమ్మ ఏమీ చెప్పలేదు టీచర్."

క్లాసు నిశ్శబ్దంగా ఉంది. అలాంటప్పుడే లహరి నాలుకకు దురద పుడుతుంది.

"నాకు తెలుసు టీచర్. పుల్లైస్."

క్లాసంతా ఒక్కసారిగా పగలబడి నవ్వింది. టీచర్ బల్ల మీద కొట్టి లహరిని గట్టిగా కోప్పడింది. ఏం లాభం, మాట నోరు దాటేసింది. బడి వదిలేసరికి అది ఒకటో తరగతి దాకా పాకింది. గేటు ముందుకు ఐస్ బండి రాగానే, "పుల్లైసూ, నీ బండి వచ్చినాది" అని పిల్లలు కేకలు పెట్టారు. పుల్లమ్మ తల దించుకుని వెళ్ళిపోయింది. తన మాట ఇంతమంది నోట వినపడుతుంటే లహరికి గర్వంగా అనిపించింది.

మర్నాడూ అదే గోల. ఆ తర్వాతి రోజు పుల్లమ్మ బడికి రాలేదు.

ఆ రాత్రి అన్నాల దగ్గర లహరి ఈ సంగతంతా అభినయించి మరీ చెప్పింది. నాయన నవ్వాడు. ఆయన తల్లి, జేజి తిరుపాలమ్మ మాత్రం నవ్వలేదు. చేతిలోని సంగటి ముద్దను కంచంలో పెట్టేసింది.

"ఆ పేరు ఎవరు పెట్టినారో తెలుసునా పాపా?"

"తెలీదు జేజీ."

"నేనే."

నాయన నవ్వు ఆగిపోయింది.

"పుల్లమ్మ కంటే ముందు వాళ్ళమ్మ కదిరమ్మకు ఇద్దరు బిడ్డలు పుట్టినారు. ఇద్దరూ దక్కలేదు. మూడో కాన్పులో ఈ పిల్ల. ఇంతే ఉన్నింది, పిడికెడు. ఆ పొద్దు ఊళ్ళో పెళ్ళి భోజనాలు. తిని పారేసిన విస్తరాకులను పుల్లాకులంటారు. బిడ్డను తీసకపోయి వాటి మీద పండబెట్టినాం. ఇది ఎవరికీ వద్దని పారేసిన బిడ్డ అనుకొని సావు పక్కకు పోవాలని. పెద్దోళ్ళ కాలం నుంచి అట్లనే చేసేది."

"చావు పేరు చూసి పోతాదా జేజీ?"

"ఏమో పాపా, నాకేం తెలుసు. డాక్టరమ్మ మందులు కూడా ఇచ్చింది. కానీ కన్నతల్లి తన బిడ్డను ఎంగిలాకుల మీద పెట్టి, అటు తిరిగి నిలబడింది చూడు, దాన్ని నేను మర్చిపోలేను. నేనే ఎత్తుకొని, 'నాకు దొరికిన బిడ్డ, పేరు పుల్లమ్మ, నువ్వు సాక్కో' అని కదిరమ్మ చేతికిచ్చినా."

లహరి కూడా ముద్దను కంచంలో పెట్టేసింది.

"ఈ పొద్దు కదిరమ్మ వచ్చిండె. పేరు మారిస్తేనే బడికి పోతానని కూర్చుందంట ఆ పిల్ల. మారిస్తే ఏమైతాదో అని తల్లికి భయం. ఇద్దరూ అన్నం తినలేదంట. బిడ్డకు ఉన్నదున్నట్టు చెప్పమ్మా అని చెప్పి పంపించినా."

లహరికి సిగ్గేసింది. ఏడుపు కూడా వచ్చింది.

"రేపు క్లాసులో ఈ కథంతా నేను చెప్తా జేజీ. అప్పుడెవరూ నవ్వరు."

"ఆ కత నీది కాదు. చెప్పాలనిపిస్తే ఆ బిడ్డే చెప్పుకుంటాది. నువ్వు పెట్టిన పేరు ఒకటుండాది కదా, దాని సంగతి చూడు."

పొద్దున్నే లహరి పుల్లమ్మ ఇంటికి వెళ్ళింది. పుల్లమ్మ గొర్రెల దొడ్డి ఊడుస్తోంది. దారిపొడవునా అనుకుంటూ వచ్చిన మాటలన్నీ లహరికి ఎగిరిపోయాయి.

"తప్పు చేసినా పుల్లమ్మా."

పుల్లమ్మ ఊడ్చడం ఆపలేదు. "నువ్వొక్కదానివే అనింటే ఊరుకుంటాంటి. ఇప్పుడు అందరూ అంటాండారు. అందరి నోళ్ళూ మూపిస్తావా?"

నిజమే. లహరికీ అది తెలుసు.

"మూపించలేను. ఈ ఒక్క పొద్దు నాతో రా. బాగలేకపోతే మళ్ళా పిలవను."

కదిరమ్మ గడపలో నిలబడి ఇద్దరినీ చూసింది. లోపలికి వెళ్ళి, సంచి తెచ్చి కూతురి భుజానికి తగిలించింది.

బడి గేటు మీద కూర్చున్న రెండో తరగతి ఆంజి దూరం నుంచే అరిచాడు. "పుల్లైస్ వచ్చినాదిరో."

పుల్లమ్మ కాళ్ళు ఆగిపోయాయి. లహరి ఒక అడుగు ముందుకు వేసింది.

"వచ్చినాలే. ఏం పని?"

ఆంజి బిత్తరపోయాడు. "నిన్ను కాదక్కా."

"పుల్లైస్ నేనే. ఆ పేరు పెట్టింది నేను, పెట్టుకునేదీ నేనే. ఇంకెవర్ని పిలిచినా నేనే పలుకుతా."

పిల్లలు ఘొల్లుమన్నారు. ఈసారి ఆ నవ్వు లహరి మీద. చెవులు వేడెక్కాయి. నిన్నటిదాకా పుల్లమ్మకు ఎలా ఉండిందో అప్పుడు తెలిసింది.

ఆ రోజంతా అదే పని. కెంపరాజు గుసగుసగా పిలిచినా, ఆటలో ఎవరు కేకేసినా, పుల్లమ్మ తల తిప్పేలోపే లహరి "ఆ, వస్తాండా" అనేది. మొదట్లో వేళాకోళానికి పిలిచారు. తర్వాత అలవాటుగా పిలిచారు. రెండు రోజుల్లో ఆ పేరు పుల్లమ్మను వదిలి లహరిని పట్టుకుంది. ఎవరో గోడ మీద సుద్దముక్కతో 'లహరి పుల్లైస్' అని రాశారు కూడా. అది చూసి లహరికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చెరిపేద్దామని చెయ్యి ఎత్తింది. మళ్ళీ దించేసింది.

శనివారం పేర్ల కథలు ఇంకా మిగిలాయని టీచర్ అంటే, పుల్లమ్మ తనంతట తాను లేచి నిలబడింది. ఇంట్లో అమ్మ చెప్పిందంతా చెప్పింది. తనకంటే ముందు పుట్టిన ఇద్దరి సంగతి, ఆకుల సంగతి. చెప్పేటప్పుడు తల దించలేదు. ఎవరూ నవ్వలేదు.

"చైనా పల్లెల్లో కూడా పూర్వం ఇలాగే చేసేవాళ్ళట. కుక్క తినగా మిగిలిందని అర్థం వచ్చే పేరు పెట్టేవాళ్ళట" అంది హేమావతి టీచర్. "ఎక్కడైనా అమ్మలు అమ్మలే."

బడి వదిలారు. గేటు దగ్గర ఐస్ బండి ఆగింది.

"పుల్లైసక్కా, నీ బండి" అని చిన్నపిల్లలు అరిచారు.

"వస్తాండా" అని లహరి పలికింది.

"లహరీ, ఆగు. నేనూ వస్తా" అని వెనక నుంచి పుల్లమ్మ పిలిచింది. ఆ వారం బడిపిల్లల్లో లహరిని అసలు పేరుతో పిలిచింది ఆమె ఒక్కతే.